ఎవరి చర్మం కోసం ఈ పరీక్షలు?

చెన్నైలో క్రోంపేట ఉంది. 1912 ప్రాంతంలో జి.ఎ. ఛేంబర్స్ అనే దొర అక్కడ పెట్టిన క్రోమ్ లెదర్ కంపెనీ నుంచి వచ్చిన పేరది. ఆ పక్కనే నాగల్కేణి, పల్లావరం. తోళ్ళు పదును చేసే టానరీలు తరాల తరబడి నడిచిన చోటు. కాస్త ఇవతల అడయారులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉంది. తెనాలి ప్రాంతంలోని యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958లో దానికి డైరెక్టరయ్యారు, దేశవిదేశాల్లో దానికి పేరు తెచ్చారు. కాబట్టి తోలూ క్రోమియమూ తెలుగువాళ్ళకు పరాయి సంగతులు కావు.

ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు. మామయ్య నాయుడమ్మగారి స్ఫూర్తితో తోలు సాంకేతిక విద్య చదివి, నాగల్కేణి, రాణిపేట టానరీల్లో తల నెరిసేదాకా పనిచేసినవాడు. మేనకోడలు టాక్సికాలజిస్టు, రసాయనాలు చర్మానికి ఏం చేస్తాయన్నదే ఆమె పరిశోధన. ఇద్దరూ నేను కల్పించుకున్న మనుషులే. వాళ్ళు చెప్పుకునే శాస్త్రమూ చరిత్రా మాత్రం కల్పితాలు కావు.

మామయ్య: నేను సూటిగా అడుగుతాను అమ్మాయీ. మేం డ్రమ్ములో వేసేది బేసిక్ క్రోమియం సల్ఫేట్. అందులో ఉండే క్రోమియం రూపం క్రోమ్ త్రీ. చర్మంలోకి చొరబడే, క్యాన్సర్ తెచ్చే రూపం క్రోమ్ సిక్స్. ఈ రెండూ ఒకటే అన్నట్టు పేపర్లలో రాస్తుంటే మీ శాస్త్రజ్ఞులు చూస్తూ ఊరుకుంటారేం? పేరు కలిసినంత మాత్రాన గుణం కలుస్తుందా?

మేనకోడలు: కలవదు మామయ్యా. ఆ తేడా మీరన్నంత పెద్దదే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే క్రోమ్ సిక్స్‌ను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. క్రోమ్ త్రీని చేర్చలేదు. క్రోమ్ సిక్స్ క్రోమేట్ రూపంలో ఉంటుంది. దాని ఆకారం సల్ఫేట్‌ను పోలి ఉంటుంది. సల్ఫేట్ కణానికి రోజూ కావలసిన వస్తువు కనక, అదే దారిలో క్రోమేట్ కూడా లోపలికి పోతుంది. పోయాక క్రోమ్ త్రీగా మారి అక్కడి ప్రోటీన్లకు అతుక్కుంటుంది. క్రోమ్ త్రీకి నేరుగా ఆ దారి దొరకదు. ఇక్కడిదాకా మీ మాటే నా మాట.

మామయ్య: ఇక్కడిదాకా అంటే, ఇక్కణ్ణుంచి పేచీ అన్నమాట.

మేనకోడలు: మీరు డ్రమ్ములో వేసింది క్రోమ్ త్రీయే. కానీ గోడౌన్‌లోంచి బయటికొచ్చిన తోలును పరీక్షిస్తే ఒక్కోసారి క్రోమ్ సిక్స్ దొరుకుతోంది. అదెక్కడిది? తోలు మెత్తబడాలని నూనె పట్టిస్తారుగా, ఫ్యాట్ లిక్కరింగ్. ఆ నూనెల్లో అసంతృప్త కొవ్వు ఆమ్లాలుంటే, వేడీ వెలుతురూ పొడిగాలీ తగిలేసరికి అవి ఆక్సిజన్‌తో కలుస్తాయి. ఆ చర్యలో పక్కనున్న క్రోమ్ త్రీ కొంత క్రోమ్ సిక్స్ అవుతుంది. మీరు వేయని విషం మీ సరుకులోనే పుట్టిందన్నమాట.

మామయ్య: అది తెలిశాక మేం చేతులు కట్టుకుని కూర్చోలేదు. నూనెలు మార్చాం. తుది దశలో కాస్త చెట్టు టానిన్ పట్టిస్తే ఆ మార్పు జరగకుండా ఆగుతుందని తేలింది, అదీ చేస్తున్నాం. మా తాతల కాలంలో తంగేడు చెక్కతో, కరక్కాయతోనే కదా పదును చేసింది! మద్రాసు నుంచి సీమకు ఓడలెక్కిన తోలంతా అదే. ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ ఈ ఊళ్ళో క్రోమ్ పదును మొదలుపెట్టింది 1903 ప్రాంతంలో. చెక్కతో వారాలు పట్టే పని క్రోమ్‌తో ఒక్కరోజులో అయిపోతుంది. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే తోలులో అత్యధిక భాగం క్రోమ్ తోలే. దాన్ని వదలడం నీ చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు.

మేనకోడలు: వదలమని నేననలేదు. ఒక్కటి చెప్పండి. ఆ నూనెలు ఎందుకు మార్చారు?

మామయ్య: ఎందుకేమిటి! యూరప్ వాళ్ళు 2015 మే 1 నుంచి ఒంటికి తగిలే తోలు సామాన్లలో క్రోమ్ సిక్స్ కిలోకు 3 మిల్లీగ్రాములు దాటకూడదన్నారు. దాటితే కంటైనర్ వెనక్కొస్తుంది. ఒక్క కంటైనర్ వెనక్కొస్తే చిన్న టానరీ ఆ ఏడాదికి లేచి నిలబడదు.

మేనకోడలు: నా పేచీ సరిగ్గా అక్కడే మామయ్యా. ఆ 3 మిల్లీగ్రాములు జర్మనీలో బూటు తొడుక్కునేవాడి పాదం కోసం. ఆ పాదానికి నేనేమీ శత్రువును కాను, దానికి రక్షణ ఉండాల్సిందే. కానీ ఆ బూటు తోలును తడిగా ఉండగా డ్రమ్ములోంచి చేత్తో లాగినవాడికి ఏ పరీక్ష ఉంది? సరుకును ల్యాబుకు పంపుతాం. చేతిని ఎవరికి చూపిస్తాం?

(ఈ ప్రశ్న తర్వాత మామయ్య నేరుగా జవాబు చెప్పడు. తోలు పనిలో బతికినవాళ్ళకు ఇది కొత్త ప్రశ్నేం కాదు. జవాబు ఇవ్వాల్సిన చోట ఎవరూ అడగని ప్రశ్న. అందుకే ఆయన దారి మార్చి శాస్త్రం మీదికి వెళ్తాడు.)

మామయ్య: మీ శాస్త్రానికి మూలపురుషుడు పారాసెల్సస్ ఏమన్నాడు? ఏ పదార్థమైనా విషమే, మోతాదును బట్టే అది విషమా కాదా అన్నది తేలుతుందని 16వ శతాబ్దంలోనే చెప్పాడు. మా వర్కర్ చేతికి తగిలేది ఎంత? నీళ్ళలో కలిసిన కాస్త క్రోమ్. దానికి ఇంత హడావిడి అవసరమా?

మేనకోడలు: ఆ సూత్రం మీదే నేను రోజూ పని చేస్తాను. కానీ చర్మం దగ్గర అది సగం కథే. చర్మానికి రసాయనాల వల్ల వచ్చే బాధలు ప్రధానంగా రెండు తీరులు. ఒకటి ఒరుపు: ఆమ్లమో క్షారమో తగిలి కాలడం, మండటం, పగలడం. దానికి మీ పారాసెల్సస్ సరిపోతాడు. ఎక్కువ తగిలితే ఎక్కువ మంట, తక్కువైతే తక్కువ. రెండోది అలర్జీ. దాని లెక్క వేరు.

మామయ్య: ఎలా వేరు?

మేనకోడలు: క్రోమియం లాంటి చిన్న పదార్థాన్ని ఒంటిలోని రక్షణ వ్యవస్థ మామూలుగా పట్టించుకోదు. అది మన ప్రోటీన్‌కు అతుక్కున్నాకే పరాయిదిగా కనిపిస్తుంది. చర్మంలో లాంగర్‌హాన్స్ కణాలని కాపలా కణాలున్నాయి. అవి దాన్ని పట్టుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి మోసుకెళ్తాయి. అక్కడ టి కణాలు దాన్ని గుర్తుపెట్టుకుని పెరుగుతాయి. దీనికి పది రోజులో రెండు వారాలో చాలు. ఈ లోపల పైకి ఏమీ కనిపించదు, దురద కూడా ఉండదు. కొందరికి ఏళ్ళ తరబడి ముట్టుకున్నాక ఒకనాడు ఇది మొదలవుతుంది. ఒకసారి మొదలైందా, ఇక ఆ మనిషికి పాత మోతాదు లెక్క చెల్లదు. మొదట అలర్జీ పుట్టడానికి కావలసినంత అక్కర్లేదు, అందులో ఏ కొంచెం తగిలినా రెండు రోజుల్లో చేయి ఎర్రబడి, నీటిబొబ్బలొచ్చి, పగులుతుంది. ఊరంతా మరచిపోయిన బాకీని అప్పిచ్చినవాడు మరచిపోనట్టు, టి కణాలు దాన్ని మరచిపోవు. సాధారణంగా బతికినంతకాలం మరచిపోవు.

మామయ్య: అంటే పక్కవాడికి ఏమీ కాని మోతాదు వీడికి హాని చేస్తుందంటావు.

మేనకోడలు: అవును. అందుకే ‘సగటు వర్కర్’ అనే లెక్క ఇక్కడ మోసం చేస్తుంది. డ్రమ్ము దగ్గర పదిమందిలో తొమ్మిదిమంది బాగానే ఉంటారు. పదోవాడు చేతులు గీరుకుంటూ పని మానేస్తాడు. మానేసినవాడు హాజరు పట్టీలో ఉండడు. ఉన్న తొమ్మిదిమందినీ చూసి మీరూ మీ యజమానీ ‘మా దగ్గర అందరూ బాగున్నారు’ అంటారు. అది నిజమే. మిగిలినవాళ్ళ నిజం.

మామయ్య: ఈ మాట నాకు గుచ్చుకుంది. సరే, నా అనుమానమూ విను. మీ పరీక్షలు ఎంతవరకు నమ్మాలి? ఒకప్పుడు కుందేళ్ళ వీపు గొరిగి మందు రాసేవారు. ఇప్పుడేమో గాజు పళ్ళెంలో పెంచిన చర్మమంటున్నారు. ఆ చర్మం నాగల్కేణిలో పని చేసిందా?

మేనకోడలు: కుందేళ్ళ పరీక్ష డ్రేజ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడిది, 1944 నాటిది. కుందేలు చర్మానికీ మన చర్మానికీ ఎంతో తేడా, పైగా అది క్రూరం. మన దేశం 2014లో సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం నిషేధించింది, అలా పరీక్షించి తెచ్చేవాటి దిగుమతినీ ఆపింది. ఇప్పుడు మనిషి చర్మకణాలను పొరలు పొరలుగా పెంచి, వాటిమీద పదార్థాన్ని వేసి, తర్వాత ఎన్ని కణాలు బతికున్నాయో కొలుస్తాం. సగమో అంతకంటే తక్కువో బతికితే ఆ పదార్థం చర్మాన్ని ఒరిపిస్తుందని తీర్మానిస్తాం. ఈ పద్ధతిని ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ 2010లో ప్రమాణంగా ఒప్పుకుంది. అలర్జీకి వేరే పరీక్షలున్నాయి: ప్రోటీన్‌కు అతుక్కుంటుందా, కాపలా కణాలను రెచ్చగొడుతుందా అని అంచెలంచెలుగా చూస్తాం. ఇవి మంచి పరీక్షలు మామయ్యా. వీటి వెనక నేను నిలబడతాను.

మామయ్య: నిలబడు. నా ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు.

మేనకోడలు: వస్తున్నా. అత్తయ్యకు నుదుటిమీద బొట్టు పెట్టే చోట తెల్లమచ్చ వచ్చింది, గుర్తుందా?

మామయ్య: ఎందుకు లేదు? బొల్లి అని ఎవరో భయపెడితే మీ అత్త నెల రోజులు గుమ్మం దాటలేదు.

మేనకోడలు: స్టిక్కర్ బొట్టు వెనక జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే పదార్థం ఉండేది. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలను అది చంపుతుంది. బొట్టు జిగురే దీనికి కారణమని మన దేశపు చర్మవైద్యులే 1990 నాటికి పత్రికల్లో రాశారు. ఇప్పుడు చూడండి. నేను చెప్పిన గాజు పళ్ళెం చర్మంలో మామూలుగా మెలనోసైట్లు ఉండవు. ఉన్న కణాలు బతికే ఉంటాయి కాబట్టి బొట్టు జిగురు ‘చర్మాన్ని ఒరిపించదు’ అని నెగ్గిపోవచ్చు. పరీక్ష అబద్ధం చెప్పలేదు, అడిగినదానికి జవాబు చెప్పింది. మనం అడగాల్సింది అడగలేదు. ఆంబూరులో ఇంటి అరుగు మీద కూర్చుని బూటు పైభాగాలు కుట్టే ఆడవాళ్ళున్నారు. చెప్పుల జిగురుల్లో కూడా ఆ ఫినాల్ కుటుంబానికే చెందిన రెసిన్ వాడతారు, అలర్జీ తెచ్చేవాటిలో అదొకటి.

మామయ్య: అయితే పరీక్షల్లో లోపముందని ఒప్పుకున్నట్టే.

మేనకోడలు: ఒప్పుకుంటాను. ఇంకో పెద్ద లోపం కూడా ఉంది, అది మీ టానరీకే సంబంధించింది. ల్యాబులో మేం ఒక్కో రసాయనాన్ని విడిగా, చెక్కుచెదరని చర్మం మీద వేసి చూస్తాం. మీ వర్కర్ చేయి చెక్కుచెదరని చేయా? పొద్దున్నే సున్నం, సోడియం సల్ఫైడ్ తొట్టిలో వెంట్రుకలూడిన తోళ్ళు లాగుతాడు. అక్కడ పిహెచ్ 12. తర్వాత పికిల్, ఉప్పూ సల్ఫ్యూరిక్ ఆమ్లమూ. అక్కడ 3. ఆ తర్వాత క్రోమ్. చిన్న యూనిట్లలో ఈ మూడింటికీ అదే మనిషి, అవే చేతులు. మన చర్మం పైన సహజంగా ఉండే పిహెచ్ సుమారు 5. రసాయనాలను ఆపే ఆ పైపొర, అరచేయీ అరికాలూ తప్పించి, చాలాచోట్ల మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందం కూడా ఉండదు. క్షారం దాని కొవ్వును కడిగేస్తుంది, ఆమ్లం మిగిలినదాన్ని ఒరుస్తుంది, నీళ్ళు నానబెడతాయి. ఆ తెరిచిన చర్మం మీదికి క్రోమ్ వస్తుంది. చర్మం గుండా మామూలుగా పోలేవని మేం లెక్కగట్టిన పదార్థాలు కూడా ఆ పగుళ్ళలోంచి పోతాయి. కాబట్టి ‘క్రోమ్ త్రీ చర్మంలోకి పోదు’ అన్న మీ మొదటి మాట నా చేతి విషయంలో నిజం. మీ వర్కర్ చేతి విషయంలో అంత ధీమాగా చెప్పలేను.

(నన్నడిగితే ఈ సంవాదం మొత్తంలో అసలు సంగతి ఇదే. చర్మ భద్రత అనగానే మనం సీసా మీద లేబులు గురించి, క్రీము గురించి ఆలోచిస్తాం. ఒక రసాయనం, ఒక మనిషి, ఒక పూత. కష్టం చేసుకునే చేతికి అలా ఒక్కొక్కటిగా రావు.)

మామయ్య: గ్లవ్స్ ఇస్తున్నాంగా.

మేనకోడలు: మే నెలలో, ఆవిరి కక్కే షెడ్డులో, మోచేతిదాకా రబ్బరు తొడుగులతో మీరెంతసేపు ఉండగలరు?

మామయ్య: పది నిమిషాలు. అందుకే వాళ్ళు తీసి పక్కన పెడతారు. మేం తిడతాం. వాళ్ళు నవ్వుతారు.

మేనకోడలు: తిట్టాల్సింది వాళ్ళను కాదు. లోపల చెమటపట్టిన తొడుగు కూడా చర్మాన్ని నానబెడుతుంది. గాలాడని తొడుగుల్లో రోజుకు 2 గంటలకు మించి చేతులుంటే దాన్నీ తడి పనిగానే జర్మనీ చాలాకాలం లెక్కించింది. రబ్బరు తయారీలో వాడే థైయురాములు కొందరికి అలర్జీ తెస్తాయి. ఇక గుడ్డ తొడుగులైతే మరీ చెరుపు, తడిని పీల్చి గంటల తరబడి చేతికి అదిమిపెడతాయి. తొడుగు చివరి ఆసరా. దానికంటే ముందు చేయాల్సింది చేయి తడవకుండా పని అమర్చడం. పొడి సంచులు చేత్తో విప్పి పోయకుండా పంపుతో ఎక్కించడం, డ్రమ్ములోంచి తోలు దానంతటది జారి బల్ల మీద పడేట్టు చేయడం, పక్కనే మంచినీళ్ళ కుళాయి, సబ్బు. నీటి వాడకాన్ని బాగా తగ్గించే క్రోమ్ పదునును మీ అడయారు సంస్థే తయారు చేసిందిగా. ఏటికి మేలు చేసేది చేతికీ మేలు చేస్తుంది.

మామయ్య: ఇప్పుడు నా వంతు. నువ్వు కాదనలేని చరిత్ర ఒకటి చెప్తాను. 1989లో జర్మనీ పెంటాక్లోరోఫినాల్‌ను నిషేధించింది. తోలుకు బూజు పట్టకుండా మేమంతా దాన్నే వాడేవాళ్ళం. ఒక్క కలంపోటుతో తమిళనాడు తోలు ఎగుమతులు గడగడలాడాయి. సరే, మార్చాం. దాని బదులు ఏమొచ్చింది? టిసిఎంటిబి. అదేమిటో నువ్వే చెప్పు.

మేనకోడలు: బూజు మందు. చర్మానికి అలర్జీ తెచ్చే పదార్థమే.

మామయ్య: క్రోమ్ వద్దు, క్రోమ్ లేని తోలు కావాలని గొప్ప గొప్ప కార్ల కంపెనీలు అడుగుతాయి. దానికి వాడేదేమిటి? గ్లుటరాల్డిహైడ్.

మేనకోడలు: అదీ అలర్జీ తెచ్చేదే. శ్వాసకు కూడా మంచిది కాదు.

మామయ్య: చూశావా! మీరు ఒకదాన్ని దయ్యం అంటారు. మేం దాన్ని వెళ్ళగొడితే ఇంకోటి పేరు మార్చుకుని వస్తుంది. ఆ మధ్యలో నలిగేది చిన్నవాడు. నిబంధన పెరిగినకొద్దీ పని పెద్ద టానరీలోంచి ఊరవతల రేకుల షెడ్డుకు పోతుంది. పెద్ద టానరీలో కనీసం ఓ డాక్టర్ ఏడాదికోసారి వస్తాడు. షెడ్డులో నీ ప్రమాణం చదివేవాడెవడు? 1996 ఆగస్టు 28న వెల్లూరు టానరీల కాలుష్యం కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. టానరీకి 10,000 రూపాయల చొప్పున జరిమానా వేశారు, శుద్ధి ప్లాంటు లేనివాటిని మూయమన్నారు. పాలారు నది కోసం ఆ తీర్పు రావలసిందే, నేను కాదనను. నీళ్ళూ నేలా పాడయ్యాయి, ఆ తప్పు మాదే. కానీ ఆ రోజుల్లో పనిపోయి ఊరు విడిచినవాళ్ళను నా కళ్ళతో చూశాను. వాళ్ళలో మన భాష మాట్లాడే మాదిగ, అరుంధతీయ కుటుంబాలూ ఉన్నాయి. తరతరాలుగా తోలును ముట్టుకున్నందుకు ఊరు వాళ్ళను ముట్టుకోలేదు. అలాంటి పనికి శాస్త్రం గౌరవం తెస్తుందని నాయుడమ్మగారు నమ్మారు. ఆ పనే లేకుండా చేస్తే ఏ చర్మానికి భద్రత?

మేనకోడలు: ఇందులో ఒక్క మాట కూడా తీసెయ్యలేను మామయ్యా. ఒక రసాయనాన్ని తీసి, పరీక్షించని దాన్ని ఆ చోట పెట్టడం మా రంగంలో మళ్ళీ మళ్ళీ జరుగుతున్న తప్పు. నిషేధం రాసేటప్పుడే దాని బదులు వచ్చేది ఏమిటో, అది ఎవరి చేతుల్లోంచి వెళ్తుందో చూడాలి. కానీ మీ కథలోనే నా వాదన కూడా ఉంది. 1989లో, 2015లో మీరు మారింది బయటి దేశం కొనుగోలుదారు వద్దన్నాడని. మన వర్కర్‌కి వద్దని మనం ఎప్పుడైనా ఒక రసాయనాన్ని మార్చామా?

మామయ్య: మారిస్తే ఖర్చెవరిస్తారు?

మేనకోడలు: ఖర్చు మాట వచ్చింది కాబట్టి ఎగుమతితో నిమిత్తం లేని ఒక వస్తువు గురించి చెప్తాను. సిమెంటు.

మామయ్య: తోలు నుంచి సిమెంటుకు దూకావేం?

మేనకోడలు: క్రోమ్ సిక్స్ తోలులో ఎప్పుడో పుడుతుంది. సిమెంటులో పుట్టుకతోనే ఉంటుంది. ముడిసరుకులోనూ కొలిమి ఇటుకల్లోనూ ఉన్న క్రోమియం ఆ వేడికి సిక్స్ అవుతుంది. తడి సిమెంటు పిహెచ్ 12 దాటుతుంది. అంటే పైపొరను కాల్చేదీ, లోపలికి పోయి అలర్జీ తెచ్చేదీ ఒకే తట్టలో. తాపీ మేస్త్రీల చేతుల పగుళ్ళకు క్రోమేట్ కారణమని స్విట్జర్లాండ్ వైద్యులు 1950లోనే చూపించారు. దానికి మందు ఎంత సులువో తెలుసా? అన్నభేది.

మామయ్య: ఫెర్రస్ సల్ఫేటా?

మేనకోడలు: అదే. సిమెంటులో కాస్త అన్నభేది కలిపితే, నీళ్ళు పోసినప్పుడు క్రోమ్ సిక్స్ త్రీగా మారిపోతుంది. డెన్మార్క్ 1980ల మొదట్లోనే కలపడం మొదలుపెట్టింది. కొన్నేళ్ళలోనే అక్కడ మేస్త్రీల్లో క్రోమేట్ అలర్జీ బాగా తగ్గింది. 2005 నుంచి యూరప్ అంతటా సిమెంటులో కరిగే క్రోమ్ సిక్స్ పది లక్షల పాళ్ళలో 2 దాటకూడదు. నిలవుంటే అన్నభేది శక్తి తగ్గుతుంది కనక, ఎప్పటిదాకా పని చేస్తుందో బస్తా మీద అచ్చు వేస్తారు. అన్నభేది ఖరీదైన సరుకూ కాదు. తెల్లరంగుకు వాడే టైటానియం డయాక్సైడ్ చేసేటప్పుడు వెంట వచ్చే పదార్థమే.

మామయ్య: మన బస్తాల మీద అలాంటి తారీకు నేనెప్పుడూ చూడలేదు.

మేనకోడలు: నేనూ చూడలేదు. ఈ ఊళ్ళో మాలు కలిపే చేతులు ఎవరివి మామయ్యా? 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే తెలిసింది, ఎంతమంది శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి వచ్చి చెన్నై ఇళ్ళు కడుతున్నారో. ఆ రోజు కూలింది కనక పేపర్లో వచ్చారు. చేతులు పగిలినందుకు ఎవరూ పేపర్లో రారు. పొద్దున్నే మన వీధిలో బ్లీచింగ్ పౌడర్ ఒట్టి చేత్తో చల్లే కార్పొరేషన్ పారిశుద్ధ్య కార్మికులను పలకరించండి, చాలామంది తెలుగులోనే బదులిస్తారు. ఈ నగరంలో తెలుగు చర్మం ఎక్కువగా రసాయనాల పక్కనే ఉంది.

మామయ్య: సిమెంటు విషయంలో నీతో నాకు పేచీ లేదు. ఇంత చవకగా అయ్యే పని చేయకపోవడానికి సాకు కనిపించడం లేదు. మరి చట్టం ఏం చేస్తోంది?

మేనకోడలు: చట్టంలో మాట ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లోనే క్రోమ్ పుండ్లుండేవి. రసాయనాలు తగిలి వచ్చే చర్మరోగాలూ ఆ జాబితాలో చేరాయి. అలాంటి రోగిని చూసిన డాక్టర్ ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేయాలని 89వ సెక్షన్ చెప్పింది. 2020లో చేసిన కొత్త వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ జాబితా ఉంది. కానీ డాక్టర్ ‘ఏం పని చేస్తావయ్యా’ అని అడిగితే కదా! స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాసి పంపుతాడు. తగ్గుతుంది, పనికి పోతాడు, మళ్ళీ వస్తుంది. ప్యాచ్ టెస్ట్ చేస్తే తేలిపోయే సంగతి. 1895లో యాడసోన్ కనిపెట్టిన పరీక్ష అది. వేజలిన్‌లో అరశాతం పొటాషియం డైక్రోమేట్ కలిపి, చిన్న అల్యూమినియం గిన్నెతో వీపు మీద అంటిస్తారు. రెండో రోజు తీసి చూస్తారు, నాలుగో రోజు మళ్ళీ చూస్తారు. సూది లేదు, కోత లేదు.

మామయ్య: తేలాక? ‘నీకు క్రోమ్ పడదు’ అని కాగితం చేతికిస్తే, ఆ కాగితం చూసి యజమాని రేపట్నుంచి రావద్దంటాడు. నేను అలాంటి యజమానుల దగ్గర పని చేశాను. డాక్టర్ రిపోర్టు రాయకపోవడానికి అదొక కారణం. వర్కరే దణ్ణం పెట్టి రాయొద్దంటాడు. దీనికి నీ శాస్త్రంలో ఏముంది?

మేనకోడలు: శాస్త్రంలో ఏమీ లేదు మామయ్యా. పని మార్చి, కూలి తగ్గించకుండా చూసే నిబంధన కావాలి. తోలు పొడిగా ఉండే చోటికో, ప్యాకింగ్‌కో మార్చవచ్చు. ఈఎస్ఐ ఉన్నవాడికి పరిహారం అడిగే హక్కుంది. ఆంబూరులో ఇంట్లో కుట్టేవాళ్ళకు, మేస్త్రీ కింద రోజుకూలీకి పోయేవాళ్ళకు ఆ ఆసరా కూడా లేదు. పరీక్ష చేసి ఉద్యోగం పోగొట్టే దానికంటే చేయకపోవడమే మేలని వాళ్ళనుకుంటే, వాళ్ళ తప్పని నేననలేను.

మామయ్య: నువ్వు ఇలా ఒప్పుకుంటే నేను వాదించడానికి ఏముంది? ఒక్కటి మాత్రం వదలను. నిబంధన రాసే రోజున ఆ బల్ల దగ్గర టాక్సికాలజిస్టు ఒక్కరే కూర్చోకూడదు. టానరీలో నిలబడి పని చేసినవాడు కూడా ఉండాలి.

మేనకోడలు: నాకంటే ముందు ఆయన్నే కూర్చోబెట్టండి.

నేను మేనకోడలి పక్షం. మామయ్య వాదన తేలికైనదని కాదు. పని పోతుందన్న భయం నిజమైనది. ఆ భయాన్ని లెక్కలోకి తీసుకోని ఏ ప్రమాణమూ రేకుల షెడ్డు దాకా వెళ్ళదు. కానీ ఏళ్ళ తరబడి ఆ భయం పేరు చెప్పి మనం చేతిని పరీక్షించడమే మానేశాం. కొనేవాడి పాదానికి కిలోకు 3 మిల్లీగ్రాముల హద్దు పెట్టుకున్న పరిశ్రమ, చేసేవాడి చేతికి ఏ హద్దూ పెట్టుకోకపోవడం న్యాయం కాదు. సిమెంటు కంపెనీలు అన్నభేది కలపడానికి భారత ప్రమాణాల సంస్థ ఆదేశం కోసం కాచుకోనక్కర్లేదు. ఆ సంస్థ కూడా ఇంకెవరో అడిగేదాకా ఆగనక్కర్లేదు.

ఇది చదువుతున్నవారిలో ఇల్లు కట్టిస్తున్నవాళ్ళుంటారు. మాలు కలిపేవారికి గుడ్డ తొడుగులు కొనకండి. నైట్రైల్ తొడుగులు, మోకాలిదాకా బూట్లు కొనండి. భోజనానికి ముందూ పని దిగేటప్పుడూ కడుక్కోవడానికి కుళాయీ సబ్బూ కేటాయించండి. చేతులు నెలల తరబడి పగులుతున్న మేస్త్రీ కనిపిస్తే ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి చర్మ విభాగానికి పంపండి, ఆ రోజు కూలి కోయకండి. డాక్టర్లు చదువుతుంటే ఒక్క మనవి: మందు రాసే ముందు ఏం పని చేస్తారో అడగండి, విన్నది చీటీ మీద రాయండి.